సీసీలో పెట్టని పేరు

"ఆగండాగండి. పెద్దాఫీసరు పేరు అక్కడ పెట్టకండి. పెట్టారంటే మీరు ఎంత బాగా రాసినా కింది ఆఫీసరు చదవడు. ముందు సీసీలో ఎవరున్నారో చూస్తాడు, మొహం మాడ్చుకుంటాడు, మీ ఉత్తరాన్ని అడుక్కి తోసేస్తాడు. నా మీద చాడీ రాసి దాన్ని మళ్ళీ నాకే పంపిస్తావా అనుకుంటాడు. సీసీ అంటే ఉత్త నకలు అనుకుంటున్నారేమో. చెంపదెబ్బండీ అది. కాకపోతే చప్పుడు కాదు."

ఇంత చెప్పి టైపమ్మ ఠక్కున ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"కాదులెండి. పెట్టండి, పెట్టేయండి. ఈ ముక్క పట్టుకుని నేను వేలాడబట్టే మా మరిది పీకల మీదికి వచ్చింది."

వీధి దీపం వెలగడం లేదని ఫిర్యాదు రాయించుకోవడానికి పక్క వాటాలోంచి ఫోను పట్టుకుని వచ్చిన మనిషికి ఇక దీపం ధ్యాస లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని "ఏం జరిగిందండీ?" అని అడిగితే, ఆవిడ మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. చెప్పడానికి కూడా ఆవిడకో పద్ధతి ఉంది. కార్బను కాగితం దగ్గర మొదలుపెట్టకుండా ఆవిడ ఏ సంగతీ చెప్పదు.

నీళ్ళ ఆఫీసులో చేరిన రోజుకి ఆమె వయసు ఇరవై ఒకటి. మేడ మీద మెట్ల పక్కన ఇరుకు గది, అందులో మూడు టైపు మిషన్లు, ఒక ఫ్యాను. ఫ్యాను గట్టిగా వేస్తే కాగితాలు ఎగిరిపోతాయి, ఆపితే చెమట కాగితం మీద పడుతుంది. అందుకని అది ఎప్పుడూ ఒకటో నంబరు మీదే తిరిగేది, అంటే తిరుగుతున్నట్టు కనిపించేది. మిగతా ఇద్దరు టైపిస్టులూ ఒకరి వెనక ఒకరు రిటైరయ్యారు. వాళ్ళ కుర్చీల్లోకి మళ్ళీ ఎవరూ రాలేదు. అప్పట్నుంచీ ఆమె ఆఫీసందరికీ టైపమ్మ. ఆఖరికి కట్టుకున్నవాడు కూడా బయటివాళ్ళ ముందు "మా టైపమ్మ లోపల ఉంది" అనడం మొదలుపెట్టాడు.

ఒక ఉత్తరం కొట్టాలంటే ముందు పేర్చుకోవాలి. పైన దళసరి తెల్ల కాగితం, దాని కింద కార్బను, దాని కింద పల్చటి కాగితం, మళ్ళీ కార్బను, మళ్ళీ పల్చటిది, ఇలా అయిదు కాగితాల దాకా. కార్బను నల్లవైపు కిందికి ఉండాలి. తిరగేసి పెడితే ఉత్తరం వెనకాల అద్దంలో చూసినట్టు అచ్చు పడుతుంది. కొత్తలో ఆమె అలాంటివి పదకొండు కొట్టింది. అయిదో కాగితం దాకా అక్షరం దిగాలంటే వేలితో కొడితే చాలదు, భుజంతో కొట్టాలి. తప్పు పడితే అయిదు కాగితాల మీదా రబ్బరు పెట్టి అరగదీయాలి. అందుకని ఆ గదిలో ఎవరూ తొందరపడి తప్పులు చేసేవాళ్ళు కాదు, నిదానంగా చేసేవాళ్ళు.

ఉత్తరం అయ్యాక అడుగున ఎడమ పక్కన సీసీ అని కొట్టి, నకళ్ళు ఎవరెవరికి వెళ్తున్నాయో వాళ్ళ పేర్లు వరసగా కొట్టేది. సీసీ అంటే కార్బన్ కాపీ.

"అర్థం అంతేనండీ. వాడకమే వేరు," అంది టైపమ్మ.

పేర్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అని ఆ ఆఫీసులో తగాదాలు జరిగాయి. ఎవరికి రెండో కాపీ, ఎవరికి అయిదోది అని కూడా జరిగాయి. తనకు మసక కాపీ పంపారని ఒక గుమాస్తా రెండేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. పై అధికారికి సీసీ పెట్టారంటే, కింది అధికారిని నమ్మడం లేదని మేడెక్కి అరిచినట్టు. సాటివాళ్ళకి పెట్టారంటే సాక్ష్యం. కిందివాళ్ళకి పెట్టారంటే బెదిరింపు. ఉత్తపుణ్యానికి, తెలియడం కోసం మాత్రమే పెట్టేవాళ్ళు కూడా ఉంటారట. ముప్ఫై ఆరేళ్ళలో ఆమెకు అలాంటివాళ్ళు ఇద్దరే తగిలారు.

ఇది కాక ఇంకొకటి ఉంది. కొన్ని నకళ్ళు వెళ్తున్నట్టు అసలు ఉత్తరం అందుకున్నవాడికి తెలియకూడదు. అప్పుడేం చేసేవాళ్ళంటే, ఉత్తరం పూర్తికాగానే కాగితాలన్నీ మిషను లోంచి లాగేసి, అడుగు కాగితం ఒక్కదాన్నే మళ్ళీ ఎక్కించి, దాని మీద మాత్రం ఆ పేరు కొట్టేవాళ్ళు. పై కాగితం చూసినవాడికి ఏమీ కనిపించదు. టైపు గదిలో దాన్ని గుడ్డి నకలు అనేవాళ్ళు. టైపమ్మ ప్రతి ఉత్తరానికీ ఒక గుడ్డి నకలు తనకోసం తీసి ఇనప బీరువాలో పెట్టుకునేది. ఈ పని ఆమెకు ముందున్న పెద్ద టైపిస్టు నేర్పింది. "ఎవడో ఒకడు వచ్చి, నేను లక్ష అన్నాను టైపిస్టు పదివేలు కొట్టింది అంటాడే. ఆ రోజు నీ తరఫున మాట్లాడేది ఈ మసక కాగితమే," అని చెప్పి ఆవిడ రిటైరైపోయింది.

తర్వాత కంప్యూటరు వచ్చింది. నేర్పడానికి వచ్చినాయన తెర మీద ఒక్కో గడీ చూపించాడు. "ఇది టు, ఎవరికి రాస్తున్నామో వాళ్ళు. ఇది సీసీ. అంటే ఏంటో ఇప్పుడెవరికీ తెలీదులెండి. అలా ఉంటుందంతే."

టైపమ్మకు తన చిన్ననాటి స్నేహితురాలు అపరిచితుల పెళ్ళిలో కనిపించినట్టయింది.

"కార్బనేదండీ?"

"కార్బను ఉండదమ్మా."

"మరి కాపీ?"

"కాపీ ఉంటుంది."

ఆమె నోటు పుస్తకంలో 'కార్బను లేదు, కాపీ ఉంది' అని రాసుకుంది. ఆ కింది గడి బీసీసీ, అంటే బ్లైండ్ కార్బన్ కాపీ. "దీంతో మీకు పని పడదు," అన్నాడాయన. గుడ్డి నకలు సంగతి ఆయనకు ఎవరు చెప్తారు?

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. ఆయన మోటారు సైకిళ్ళ మెకానిక్కు. "సీసీ వచ్చిందా? నూట పాతికా, నూట యాభయ్యా?" అని బండి కింద నుంచే అడిగాడు. ఆయన లోకంలో సీసీ అంటే ఇంజను కొలత. కాదు, కార్బను, అంది ఈవిడ. కార్బనైతే ప్లగ్గు మీద పేరుకుంటుంది, గీకి పారెయ్యాలి, అన్నాడాయన. ఆ విషయం మీద వాళ్ళింట్లో చర్చ అంతటితో ముగిసింది.

అలా బీరువా పోయి బీసీసీ వచ్చింది. ఆఫీసులో సగం మందికి టైపు రాదు. శెలవు చీటీలు, బదిలీ దరఖాస్తులు, సంజాయిషీలు, అన్నీ ఆమే కొట్టి వాళ్ళ తరఫున పంపేది. పంపే ముందు బీసీసీలో తన అడ్రసు పెట్టేది. ఇరవై ఏళ్ళు ఇలా సాగింది. ఒక్కరికీ తెలియదు. పైగా "కళ్ళూ చెవులూ ఇంట్లో పెట్టొస్తానయ్యా, వేళ్ళు మాత్రం తెచ్చుకుంటా" అని నవ్వేది. అందుకే జనం కట్టుకున్నవాళ్ళకి చెప్పని నడుం నొప్పులు కూడా ఆమెతో చెప్పేవాళ్ళు.

ఇక మరిది. అతను ఆమె చెల్లెలి మొగుడు, అదే ఆఫీసు వెనక పంపుహౌసులో ఆపరేటరు. సంబంధం చూసింది టైపమ్మే, ఉద్యోగం ఉందని చెప్పి దరఖాస్తు కొట్టిపెట్టిందీ టైపమ్మే. అందుచేత అతనికి ఏ ఇబ్బంది వచ్చినా, "నువ్వే కదా చూశావు" అని చెల్లెలు, "నువ్వే కదా చేర్చావు" అని అతను, ఇద్దరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ రోజు అతనొక్కడే వచ్చాడు.

"వదినా, ఒక కాగితం కొట్టాలి."

"కాగితాలు పోయి ఇరవై ఏళ్ళయిందయ్యా. కూర్చో. చేతులు తుడుచుకున్నావా?"

"గ్రీజు కాదు, ఉత్త తడి."

"ఏదైనా సరే. నా కీబోర్డు నీ మోటారు కాదు."

"పెద్ద గొట్టం జాయింటు దగ్గర బీట వచ్చింది. గోరు పెడితే దిగుతోంది. ఇంజనీరుగారికి నోటితో మూడుసార్లు చెప్పాను. చూస్తాలే అన్నారు."

"చూశారా?"

"కిటికీలోంచి."

టైపమ్మ నవ్వాపుకుని కొట్టడం మొదలెట్టింది. అతను వెనక నిలబడి చెప్తున్నాడు. "జాయింటు మార్చకపోతే పగులుతుంది అని రాయి. చూస్తాలే అన్నారని కూడా రాయి. టు ఇంజనీరుగారికి. సీసీ ఆఫీసు పెద్దాయనకి."

"పెద్దాయన ఎందుకయ్యా మధ్యలో?"

"చదువుతాడని."

"ఆ తర్వాత ఇంజనీరు నీ మొహం చూస్తాడా?"

"ఇప్పుడు చూస్తున్నాడేంటి?"

"నీకు తెలీదులే. సీసీ అంటే..."

"నాకు తెలీదు కాబట్టే నీ దగ్గరికి వచ్చాను. కొడతావా, మీ చెల్లెలితో చెప్పించమంటావా?"

"దాన్ని లాగకు. కొడుతున్నాగా."

ఉత్తరం పంపుహౌసు అడ్రసు నుంచే పంపింది. టు గడిలో ఇంజనీరు. సీసీ గడి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ముప్ఫై ఆరేళ్ళ అనుభవం ఆ చేతిని పట్టుకుంది. పిచ్చివాడు, ఇంజనీరుతో రోజూ పని ఉన్నవాడు, నాలుగు రోజులు పోతే వాడే థాంక్స్ చెప్తాడు అనుకుంది. గడి ఖాళీగా వదిలేసింది. బీసీసీలో మాత్రం వేళ్ళు వాటంతట అవే ఆమె అడ్రసు కొట్టాయి.

గుమ్మం దాటుతూ అతను వెనక్కి తిరిగాడు. "పెద్దాయనకి పెట్టావా?"

"ఊఁ," అంది టైపమ్మ.

పన్నెండో రోజున జాయింటు పగిలింది. పెద్ద ట్యాంకు ఖాళీ అయింది, పంపుహౌసులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి, ఊళ్ళో మాత్రం రెండు రోజులు కుళాయిల్లో చుక్క రాలేదు. ఎంక్వైరీ వేశారు. ముందే తెలిసి ఎందుకు చెప్పలేదని ఆపరేటరును అడిగారు. చెప్పాను, మెయిలు పెట్టాను, అన్నాడతను. నాకు రోజుకి రెండొందలు వస్తాయి, ఇది మాత్రం రాలేదు, అన్నాడు ఇంజనీరు. పంపుహౌసు మెయిలు తెరిచి చూశారు. మూడు షిఫ్టుల వాళ్ళు వాడే ఖాతా అది. నిండిపోయిందని తెర మీద వచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు మొత్తం ఊడ్చేసేవాడు. అందులో ఏమీ లేదు.

"ఇంజనీరుగారు చూడకపోతే పోయింది. మీకు కూడా సీసీ పెట్టాను కదా సార్, వచ్చే ఉంటుంది," అన్నాడు మరిది పెద్దాయనతో, ధైర్యంగా.

పెద్దాయన తన ఫోనులో వెతికాడు. గుమాస్తా చేత కూడా వెతికించాడు. తర్వాత కళ్ళజోడు పైకి నెట్టి అతన్ని చూశాడు. అప్పటిదాకా అతను పని సరిగ్గా చెయ్యనివాడు, ఆ చూపుతో అబద్ధాలకోరు కూడా అయ్యాడు. పంపుహౌసు తాళాలు తీసుకుని సస్పెండ్ చేశారు. వచ్చే గురువారం మళ్ళీ కూర్చుంటాం, ఋజువు చూపకపోతే ఉద్యోగం నుంచే తీసేస్తాం అన్నారు. "మా వదినే కొట్టింది, ఆవిడ్ని అడగండి," అని అతను చెప్పిపోయాడు.

ఆ సాయంత్రం చెల్లెలు వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"అక్కా, ఆయన అబద్ధమాడే మనిషి కాదే. ఆడినా రెండో రోజుకి గుర్తుండదు, అంత తెలివి లేదు. నువ్వు పెట్టావు కదా? పెట్టానని చెప్తావు కదా?"

"చెప్తాలే," అంది టైపమ్మ. ఏం చెప్తుందో చెప్పలేదు.

చెల్లెలు వెళ్ళాక తన మెయిలు తెరిచింది. ఉత్తరం ఉంది. తేదీ, సమయం, ఇంజనీరు అడ్రసు, జాయింటు పగులుతుందన్న మాట, అన్నీ ఉన్నాయి. సీసీ గడి ఖాళీ. అది చూపిస్తే మరిది ముందే చెప్పాడని తేలుతుంది. దానితోపాటే, వదిన తన ముందు "ఊఁ" అని అబద్ధమాడిందని కూడా తేలుతుంది. ఇరవై ఏళ్ళుగా అందరి ఉత్తరాలూ దాచుకుందనీ తేలుతుంది. చూపించకపోతే ఆమె మర్యాద ఆమెకుంటుంది, అతని ఉద్యోగం అతనికుండదు.

మూడో దారి కూడా ఒకటి తోచింది. ఆ ఉత్తరాన్నే మళ్ళీ కొట్టి, సీసీలో పెద్దాయన పేరు చేర్చి, ప్రింటు తీస్తే? ఆమె వేళ్ళకి అది రెండు నిమిషాల పని. ఈ మాట గొంతు తగ్గించి భర్తతో అంది. ఆయన చేతిలో స్పానరు అలాగే పట్టుకుని ఆలోచించాడు.

"మంచిదే. కాకపోతే తనకి రాలేదని పెద్దాయనకి తెలుసు కదా," అన్నాడు.

గురువారానికి ఇంకా ఉన్న రెండు రోజులూ టైపమ్మ ఎవరి ఉత్తరమూ కొట్టలేదు. కరెంటు లేదంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే అది తిరుగుతోందని ఎవరికీ రూఢిగా తెలియదు.

గురువారం ఎంక్వైరీ గదిలో పెద్దాయన, ఇంజనీరు, ఒక గుమాస్తా. మరిది బయట బల్ల మీద కూర్చున్నాడు. ఉక్కగా ఉందని తలుపు తీసే ఉంచారు. తీరా మొదలుపెట్టబోతుంటే ఒక చిక్కు వచ్చింది. వాంగ్మూలం కొట్టాల్సిన టైపిస్టే వాంగ్మూలం ఇవ్వాల్సిన మనిషి. కాసేపు తర్జనభర్జన పడి, "మీది మీరే కొట్టేయండమ్మా," అన్నాడు పెద్దాయన. ఆమె కీబోర్డు ముందు కూర్చుంది. ప్రశ్న అడిగితే ముందు ప్రశ్న కొట్టేది, తర్వాత జవాబు చెప్తూ దాన్నీ కొట్టేది. ప్రింటు తీసిన ఉత్తరం బల్ల మీద పెట్టింది.

"ఇది మీకెలా వచ్చింది?"

"నేనే పంపుకున్నాను సార్. బీసీసీలో."

"ఎందుకు?"

"అలవాటు సార్."

"ఎన్ని ఉత్తరాలకి ఇలా చేశారు?"

"అన్నిటికీ సార్."

గదిలో ముగ్గురూ ఎవరి ఉత్తరాలు వాళ్ళు గుర్తు చేసుకోవడంలో పడ్డారు. టైపమ్మ ఆ విరామంలో ఒక అక్షరదోషం దిద్దింది.

"సీసీ ఖాళీగా ఉంది కదా. నాకు పెట్టానని ఆపరేటరు అంటున్నాడే?"

"పెట్టమన్నాడు సార్. నేను పెట్టలేదు. పెట్టానని చెప్పాను."

"ఎందుకు పెట్టలేదు?"

"ఇంజనీరుగారు నొచ్చుకుంటారని సార్."

"నొచ్చుకునేవాణ్ణే," అన్నాడు ఇంజనీరు, నోరు జారి. ఆమె అది కూడా కొట్టింది.

బయట బల్ల కిర్రుమంది. ఆమె తలెత్తి చూసేసరికి మరిది లేడు.

వాంగ్మూలం ముగిశాక ఆమె లేవకుండానే అడిగింది. "దీనికి సీసీ ఎవరెవరికి సార్?"

పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "ఎవరికీ వద్దు," అన్నాడు. ఈ వాంగ్మూలానికి బీసీసీ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఆ ఒక్క కాగితానికే ఆమె నకలు ఉంచుకోలేదు.

వారం తిరక్కుండా మరిదికి తాళాలు తిరిగి ఇచ్చారు. ఇంజనీరు సంజాయిషీ రాసుకుని ఇంకో ఆఫీసుకి వెళ్ళాడు. టైపమ్మకు మెమో వచ్చింది: ఇకపై ఎవరి తరఫునా మెయిళ్ళు పంపరాదు, ఉన్న నకళ్ళన్నీ తీసివేయవలెను. రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది.

మెమో వచ్చిన మర్నాటి నుంచీ మెట్ల మీద ఒక్కొక్కరే తచ్చాడడం మొదలెట్టారు. "నాది ముందు తీసెయ్యండమ్మా," అని కొందరు. "నాది తీసేముందు ఒక ప్రింటివ్వండి, మా ఆవిడకి చూపించాలి, నేను బదిలీకి అడిగానంటే నమ్మడం లేదు," అని ఒకాయన. అన్నీ తీసెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది. చదవకుండానే తీసేశాను అంది టైపమ్మ. కాసేపాగి, "ఒకటి రెండు తప్ప," అంది.

"మరి మీ మరిదిగారు?" అని పక్క వాటా మనిషి అడగాల్సి వచ్చింది, ఎందుకంటే ఆవిడ కథ అక్కడితో ఆపేసి టేబులు సర్దుతోంది.

మరిది టైపు నేర్చుకున్నాడు. ఒక్క వేలితో. రోజూ పదింటికి పంపుహౌసు నుంచి ఒక మెయిలు వస్తుంది. మోటారు నడుస్తున్నది, జాయింటు బాగున్నది. అంతే ఉంటుంది. టు కొత్త ఇంజనీరుకి. సీసీలో పద్నాలుగు మంది. పెద్దాయన మొదట. ఊళ్ళో ఇద్దరు విలేకరులు కూడా ఉన్నారు. పద్నాలుగో పేరు టైపమ్మది. ఈ పద్ధతికి ఎవరూ నొచ్చుకోలేదు. మూడో వారం నుంచీ ఎవరూ చదవడం కూడా లేదు, ఒక్క టైపమ్మ తప్ప.

మనిషి మాత్రం ఇంటికి రాడు. ఎదురుపడితే మెట్లు దిగే పని గుర్తొస్తుంది అతనికి. చెల్లెలు వస్తుంది, కూర్చుంటుంది, "ఆయనకి కోపం లేదే అక్కా, మాటలే రావడం లేదు," అంటుంది. కోపమైతే ఎన్నాళ్ళు ఉంటుందో టైపమ్మకు లెక్క తెలుసు. ఇదేంటో తెలియదు.

"నిన్న జాయింటుకి దీర్ఘం ఎక్కడ పెట్టాడో చూశారా?" అని ఫోను తెరిచి చూపించింది. చూపించి చాలాసేపు తనే చూసుకుంది. తర్వాత ఫోను బోర్లించి పెట్టి, పక్క వాటా మనిషి లేవబోతుంటే ఆపింది.

"మీరు సాయంత్రం నడకకి పంపుహౌసు మీదుగానే వెళ్తారు కదూ? ఒక్క పని చేసిపెట్టండి. లోపలికి వెళ్ళండి, మోటారు చప్పుడుకి వినపడదు, దగ్గరికెళ్ళి చెప్పండి. మీ వదిన చెప్పమంది అనండి. సీసీలో నా పేరు తీసేసి, పైన, టు గడిలో పెట్టి ఒక్క ముక్క రాయమనండి. నాకొక్కదానికే. తిట్టినా సరే. ఎంత పొడుగ్గా తిట్టినా సరే. తప్పులు ఉన్నా ఫర్వాలేదు, దిద్దనని చెప్పండి."